వినపడని మాట దగ్గర ఆగడం

చెవులు బాగుండి, ఇంగ్లీషు కాస్త వస్తే ఈ పని చేసేయొచ్చని నేను చేరిన కొత్తలో అందరూ అనేవారు. డాక్టరు చెప్పింది విని టైపు చేయడమే కదా అనేది వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడు పని మానేసి ఇంట్లో ఉంటున్నాక, ఈ ఉద్యోగంలో చేరబోయే అమ్మాయిలు నన్ను ఇంకోలా అడుగుతున్నారు. "అంతా సాఫ్ట్‌వేరే రాసేస్తుందట కదండీ, మనం ఊరికే ఓసారి చూసుకుంటే చాలట కదా?" అని. రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం గురించి చెబుదామని ఇది రాస్తున్నాను.

నేను చేసిన పనిని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. డాక్టరు రోగిని చూశాక, ఏం జబ్బు అనుకుంటున్నదీ, ఏ మందు ఇచ్చిందీ, ఏ పరీక్ష చేయించాలో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ రికార్డు విని రిపోర్టుగా రాసేది మేము. గుడివాడలో చాలా ఏళ్ళు అమెరికా డాక్టర్లకు రాశాను. ఆ తర్వాత బందరులో మన డాక్టర్లకు రాశాను. పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ పక్కన ఒక పల్లెలో. జీతాల గురించి, ప్రమోషన్ల గురించి చెప్పను. అవి ఎవరికి వాళ్ళు చేరాక తెలుసుకుంటారు. నాకు పని నేర్పిన మనుషుల గురించి మాత్రం చెప్పాలని ఉంది.

గుడివాడలో

డిగ్రీలో జువాలజీ చదివాను కాబట్టి శరీర భాగాల పేర్లన్నీ వచ్చనుకుని ధీమాగా వెళ్ళాను. సెంటరు గుడివాడలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉండేది. వరసగా కంప్యూటర్లు, ఒక్కొక్కదానికీ హెడ్‌ఫోను, కాలి కింద పెడలు. కుట్టుమిషను తొక్కినట్టు పెడలు తొక్కితే గొంతు వినపడుతుంది, వదిలేస్తే ఆగుతుంది, వెనక వైపు నొక్కితే వెనక్కి వెళ్తుంది.

మొదటి రోజు నాకిచ్చిన రికార్డులో ఒకాయన కారు నడుపుతూ, ఏదో నములుతూ మాట్లాడుతున్నాడు. మొదటి వాక్యంలో నాకు అర్థమైంది 'ది పేషెంట్' ఒక్కటే. పెడలు వెనక్కి నొక్కాను, మళ్ళీ విన్నాను. మళ్ళీ నొక్కాను. నములుడు ఇంకా స్పష్టంగా వినపడింది కానీ మాట వినపడలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మేము రాసింది దిద్దే ఎడిటరు ఎలిజబెత్ రాణి గారు వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. ఆవిడ అంతకుముందు చాలాకాలం ఆసుపత్రిలో నర్సుగా చేశారు. నలిగిన కాటన్ చీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. నా హెడ్‌ఫోను తీసి తన చెవికి పెట్టుకుని విన్నారు.

"ఏమీ అర్థం కావట్లేదు మేడం," అన్నాను.

"నాకూ అర్థం కాలేదమ్మా," అన్నారు. "మరి ఏడుపెందుకు? అర్థం కానిచోట గీత పెట్టి ముందుకెళ్ళు. చివరిదాకా విన్నాక మళ్ళీ మొదటికి రా. అప్పటికి ఆయన గొంతు నీకు కాస్త అలవాటవుతుంది."

అలాగే చేశాను. చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి, గీత పెట్టిన చోట్లు చాలావరకు వాటంతటవే విడిపోయాయి. మొదట్లో నములుడులో కలిసిపోయిన మాటే రిపోర్టు మధ్యలో ఒకసారి, చివర ఒకసారి శుభ్రంగా చెప్పాడాయన. పనిలో నేను నేర్చుకున్న మొదటి కిటుకు ఇదే. ఇప్పటికీ ఇంతకన్నా పనికొచ్చేది ఇంకోటి తెలియదు.

ఒకేలా వినపడే మాటలు

ఈ వృత్తిలో భయపెట్టేవి పెద్ద పెద్ద పేర్లు కావు. అవి పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట పట్టు దొరుకుతుంది, పుస్తకంలో వెతుక్కోవచ్చు. చిన్న మాటలే ముంచుతాయి. 'ఎఫెబ్రైల్' అని కలిపి రాస్తే రోగికి జ్వరం లేదని. 'ఎ ఫెబ్రైల్' అని విడదీస్తే జ్వరమున్న రోగి అని. చెవికి రెండూ ఒకటే. 'డిస్ఫేజియా' అంటే మింగలేకపోవడం, 'డిస్ఫేసియా' అంటే మాట సరిగా రాకపోవడం. అమెరికా దక్షిణ రాష్ట్రాల వాళ్ళ సాగతీత గొంతులో అవి రెండూ నాకు అక్కచెల్లెళ్ళలా వినపడేవి.

ఒకసారి నేనూ నా పక్క సీటు శ్రీలతా ఆ మాట దగ్గరే చిక్కుకున్నాం. ఆమె మింగలేకపోవడమే అంటుంది, నేను మాట రాకపోవడమే అంటాను. ఒకే హెడ్‌ఫోను చెరొక చెవికీ పెట్టుకుని వాదించుకుంటున్నాం. రాణి గారు వచ్చి విననైనా వినకుండా అడిగారు.

"ఆ డాక్టరు తర్వాత ఏ పరీక్ష చేయించమన్నాడు?"

చూశాం. బేరియం ద్రవం మింగించి తీసే ఎక్స్‌రే చేయించమన్నాడు.

"మరి మాట రానివాడికి బేరియం ఎందుకు తాగిస్తారర్రా?" అని నవ్వేసి వెళ్ళిపోయారు.

శ్రీలత గెలిచింది. నాకు జీవితాంతం సరిపడా పాఠం దొరికింది. ఒక మాట మీద అనుమానం వస్తే ఆ మాటనే పదేపదే వినడం వల్ల లాభం లేదు. మన చెవి ఏది అనుకుంటే అదే వినపడుతుంది. రిపోర్టులో మిగతాదంతా చదవాలి. ఇచ్చిన మందు, చేయించిన పరీక్ష, చేసిన ఆపరేషను, ఇవన్నీ ఆ మాటకు సాక్ష్యం చెబుతాయి. ఆ సాక్ష్యాలు కూడా కలవకపోతే ఖాళీ వదిలి, పక్కన ఒక గుర్తు పెట్టి పంపాలి.

ఈ ఖాళీల దగ్గరే మా బాస్ ప్రసాద్ గారికీ రాణి గారికీ ఎప్పుడూ పేచీ. ప్రసాద్ గారు చెడ్డవాడు కాదు. మా అందరి ఇళ్ళలో పొయ్యి వెలగడానికి అమెరికా వాళ్ళ చుట్టూ తిరిగి పని తెచ్చింది ఆయనే. కానీ ఖాళీ కనిపిస్తే ఆయనకు వణుకు.

"మేడం, ఇన్నేసి ఖాళీలు పంపితే వాళ్ళు మనకెందుకు పనిస్తారండీ?" అన్నారొకరోజు, మా అందరి ముందే.

"తప్పులు పంపితే ఎందుకిస్తారు ప్రసాద్ గారూ?" అన్నారు రాణి గారు. "ఖాళీ చూస్తే డాక్టరు విసుక్కుంటాడు, పూరిస్తాడు. తప్పు అయితే కనపడదండీ. అది కాయితంలో చక్కగా కూర్చుని ఉంటుంది. మంచమ్మీద పడుకున్నవాడి మీద పడుతుంది."

ప్రసాద్ గారు చేతిలోని రిపోర్టులు ఓసారి తిరగేశారు. తర్వాత, "అయితే వాళ్ళకి నేనే సర్ది చెప్పుకుంటాలెండి," అని వెళ్ళిపోయారు. నిజంగానే చెప్పుకున్నారు కూడా. ఫోన్లో అటువాళ్ళ మాటలు పడుతూనే మా ఖాళీలను కాపాడారు. ఇలాంటి బాస్ దొరికితే మీరు అదృష్టవంతులు. దొరకకపోయినా ఖాళీ వదలడం మానకండి.

నేనెప్పుడూ చూడని డాక్టరు

మొదటి రోజు నన్ను ఏడిపించిన ఆ నములుడు డాక్టరునే రాణి గారు తర్వాత నాకు శాశ్వతంగా అప్పగించారు. ఆయన రికార్డులంటే సెంటర్లో అందరూ పారిపోయేవారు. "ఎవరో ఒకరు ఆయన గొంతుకి అలవాటు పడాలి కదా, నువ్వు పడు," అన్నారు. అప్పుడు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఏళ్ళ తరబడి రోజూ ఆయన గొంతు విన్నాను. మా ఇంట్లోవాళ్ళ గొంతుకన్నా ఎక్కువగా విన్నానేమో. మందు పేరు చెప్పబోయే ముందు చిన్నగా ఊపిరి పీల్చేవాడు. లెక్కలు చెప్పేటప్పుడు గొంతు దిగేది. ఆయనకు జలుబు చేయబోతే నాకు రెండు రోజుల ముందే తెలిసిపోయేది. మొహం ఎలా ఉంటుందో తెలియదు కానీ, ఆయన ఏ మాట దగ్గర తడబడతాడో నాకు తెలుసు.

ఒకరోజు ఆయన ఒక చిన్న పిల్ల గురించి చెబుతున్నాడు. ఆ పిల్ల చనిపోయింది. వివరాలు అప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. రోగుల సంగతులు బయటకు రాకూడదు, అది ఈ వృత్తికి ప్రాణం. ఆయన మామూలుగానే మొదలుపెట్టాడు. ఏ రోజు తీసుకొచ్చారు, ఏమేం చేశారు, అన్నీ వరసగా చెప్పాడు. చివరి వాక్యం సగంలో ఆగిపోయాడు. ఊపిరి మాత్రం వినపడుతోంది. అలా చాలాసేపు. తర్వాత గొంతు సవరించుకుని మిగతా సగం చెప్పాడు.

నేను పెడలు మీద కాలు తీసి రాణి గారిని పిలిచాను. "మేడం, ఇక్కడ మాట ఆగిపోయింది. గీత పెట్టమంటారా?"

ఆవిడ విన్నారు. హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టి, "ఆయన ఏమీ అనలేదు కదమ్మా. మాట వినపడకపోతే గీత. ఇది వినపడింది కదా మనకి. వాక్యం కలిపేసి రాయి," అన్నారు. తన కుర్చీకి వెళ్ళకుండా కాసేపు నా పక్కనే కూర్చున్నారు.

అక్కడ ఎంత సేపు మౌనం ఉందో ఆ రిపోర్టు చదివినవాళ్ళెవరికీ తెలియదు. రాణి గారికీ నాకూ తెలుసు. ఆ రోజు తర్వాత ఆయన కారులో నములుతూ మాట్లాడినా నాకు ఎన్నడూ విసుగు రాలేదు.

సాఫ్ట్‌వేరు వచ్చాక

తర్వాత గొంతు విని తనంతట తనే రాసే సాఫ్ట్‌వేరు వచ్చింది. గుడివాడలో పని మెల్లమెల్లగా తగ్గింది. రాణి గారు రిటైరయ్యారు. ప్రసాద్ గారు మా అందరికీ ఎక్కడో ఒకచోట దారి చూపించాకే సెంటరు మూశారు. మా ఆయనకు బందరు బదిలీ కావడంతో నేను అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను.

అక్కడ మా పెద్ద డాక్టరు శేషగిరి గారు. మంచి సర్జను, ఉత్త హడావుడి మనిషి. రోగిని చూసి బయటికి వస్తూ వస్తూనే ఫోను నోటి దగ్గర పెట్టుకుని నడుస్తూ చెప్పేసేవారు. ఇంగ్లీషు మధ్యలో రోగి అన్న తెలుగు మాటలు యథాతథంగా వచ్చేవి. 'గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది', 'కాళ్ళల్లో చీమలు పాకుతున్నాయి' అని. కొత్తలో వాటిని ఇంగ్లీషులోకి మార్చి రాస్తే ఆయన ఒప్పుకోలేదు. "రోగి మాట రోగిదే ఉంచమ్మా. సగం జబ్బు అందులోనే ఉంటుంది," అన్నారు. ఎంత మంచి మాటో!

ఆ ఫోను రికార్డును సాఫ్ట్‌వేరు ముందు చిత్తుగా రాసేది. నేను విని సరిదిద్దేదాన్ని. కొత్తగా చేరేవాళ్ళు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేరు మనకన్నా వేగంగా రాస్తుంది, స్పెల్లింగులు మనకన్నా బాగా రాస్తుంది. దాన్ని చూసి నేను చాలా నేర్చుకున్నాను కూడా. కానీ దానికి ఖాళీ వదలడం తెలియదు. వినపడనిచోట, అక్కడ మామూలుగా ఏ మాట వస్తుందో దాన్ని నింపేస్తుంది. చూడటానికి ఎంతో చక్కగా ఉంటుంది. చదివేవాళ్ళకి అనుమానమే రాదు.

ట్రాలీ చప్పుడు

ఒకరోజు హంసలదీవి దగ్గర పల్లె నుంచి నాంచారయ్య అనే ఆయన్ని తీసుకొచ్చారు (రాసుకోమని ఆయనే చెప్పాడు కాబట్టి పేరు రాస్తున్నాను). సముద్రంలో వేట చేసే మనిషి. వల లాగుతుంటే పాదంలో పెద్ద చేప ముల్లు దిగింది. పసుపు పెట్టి కట్టుకుని మళ్ళీ వేటకెళ్ళాడు. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్నట్టు ఆయనకే తెలియదు. వచ్చేసరికి పాదం నల్లబడి, వాపు మోకాలి దాకా పాకింది. శేషగిరి గారు చూసి, ఇది విజయవాడలో పెద్దాసుపత్రిలో చేయాల్సిన ఆపరేషనని చెప్పి, మందులు మొదలుపెట్టి, వాళ్ళకు ఇవ్వాల్సిన రిపోర్టు నడుస్తూనే ఫోన్లో చెప్పేసి, వేరే ఆపరేషనుకి థియేటర్లోకి వెళ్ళిపోయారు. అంబులెన్సు బయట సిద్ధంగా ఉంది.

సాఫ్ట్‌వేరు రాసిన చిత్తు నా ముందుకొచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకుని వింటూ సరిచూస్తున్నాను. ఒకచోట 'నో నోన్ డ్రగ్ ఎలర్జీస్' అని ఉంది. అంటే పడని మందులేవీ లేవని. దాదాపు ప్రతి రిపోర్టులోనూ ఉండే వాక్యమే. కానీ నా చెవికి 'నోన్' అనీ, 'ఎలర్జీ' అనీ రెండు ముక్కలే వినపడ్డాయి. వాటి ముందూ వెనకా వరండాలో ట్రాలీ చక్రాల గరగర. 'నోన్' అంటే తెలిసిన. ముందు 'నో' ఉంటే పడని మందు లేదని. లేకపోతే ఉందని.

వెనక్కి తిప్పి విన్నాను. గరగర. వేగం తగ్గించి విన్నాను. ఇంకా పొడుగాటి గరగర.

అప్పుడు రాణి గారు చెప్పినట్టు మిగతాదంతా చదివాను. శేషగిరి గారు ఇలాంటి పుళ్ళకు మామూలుగా చెప్పే మందు ఒకటుంది. పెనిసిలిన్ జాతిది. ఎన్నోసార్లు టైపు చేశాను. ఈ రిపోర్టులో అది లేదు, దాని బదులు వేరేది ఉంది. ఎందుకు మార్చారు? ఇంకేదైనా కారణం ఉండొచ్చు. నాకేం తెలుసు? కానీ ఆ వాక్యాన్ని అలా వదలబుద్ధి కాలేదు.

రిసెప్షన్లో ఉండే సుబ్బారావు తలుపు తీసుకుని వచ్చాడు. "అక్కా, రిపోర్టు అయిందా? డ్రైవరు గొడవ చేస్తున్నాడు. ఆయన కాలు చూస్తే నాకే భయమేస్తోంది, తొందరగా పంపించేద్దాం."

"ఒక్క మాట వినపడట్లేదు సుబ్బారావ్. డాక్టరు గారి ఫోను కలుపుతావా?"

"థియేటర్లో ఉన్నారు, ఫోను బయటే పెట్టేశారు. ఒక్క మాటే కదక్కా, ఖాళీ వదిలేసి పంపించెయ్యి."

అదే చేయొచ్చు. నేర్చుకున్నది అదే. కానీ ఆ ఖాళీని విజయవాడలో ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు? వాళ్ళు రోగి దిగీదిగగానే మందు ఎక్కిస్తారు. "కాస్త ఆగు," అని లేచి వరండాలోకి వెళ్ళాను.

నాంచారయ్య స్ట్రెచరు మీద కళ్ళు మూసుకుని జ్వరంతో మూలుగుతున్నాడు. ఆయన భార్య కోటేశ్వరమ్మ తల దగ్గర నిలబడి చెంగుతో విసురుతోంది.

"అమ్మా, మీ ఆయనకి ఎప్పుడైనా ఏ మందైనా పడకపోవడం జరిగిందా?" అనడిగాను.

"పడకపోవడవంటే ఏంటండీ?"

"బిళ్ళ వేసుకున్నాకో, సూది వేసినాకో ఒళ్ళు దురద పెట్టడం, ఆయాసం రావడం, అలాంటిదేమైనా?"

"అయ్యో, ఎందుకు లేదండీ! అవనిగడ్డలో ఓసారి జొరానికి సూదేశారు. ఏసిన కాసేపటికి మొహమంతా ఉబ్బిపోయి, ఊపిరాడక కొట్టుకున్నాడండీ. చచ్చి బతికాడు. ఇందాక పెద్ద డాక్టరు గారికి చెప్పాను కదండీ. ఆ చీటీ కూడా చూపించాను."

"ఏ మందో చెప్పారా?"

"చీటీ చూసి ఆయనే ఏదో అన్నారండీ. నాకు నోరు తిరగలేదు."

నా అనుమానం నిజమే. అయినా పేరు నేను రాయకూడదు. కోటేశ్వరమ్మ చెప్పింది విని నాకు తోచిన మందు పేరు రాయడానికీ, సాఫ్ట్‌వేరు చేసినదానికీ తేడా ఏముంది? థియేటరు తలుపు దగ్గరికి వెళ్ళి కొట్టాను. ఆపరేషన్ జరుగుతుంటే తలుపు కొట్టడం మా ఆసుపత్రిలో ఎవరూ చేయని పని. నర్సు తలుపు సందులోంచి చూసి, "ఏంటి పద్మజ గారూ, ఇప్పుడా?" అంది.

"నాంచారయ్య గారికి పడని మందేంటో డాక్టరు గారిని ఒక్క మాట అడుగమ్మా. రికార్డులో వినపడలేదు."

లోపలికెళ్ళి అడిగినట్టుంది. శేషగిరి గారి గొంతు తలుపు దాటి బయటికి వినపడింది. "చెప్పానమ్మా అందులో! పెనిసిలిన్! పెనిసిలిన్ పడదతనికి! పైన పెద్దక్షరాలతో పెట్టమను!"

సీటులోకి పరుగెత్తాను. ఆ వాక్యం సరిచేసి, రిపోర్టు పైభాగాన పెద్ద అక్షరాలతో పెట్టి, ప్రింటు తీసి సుబ్బారావుకి ఇచ్చాను. అంబులెన్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం శేషగిరి గారు నా గదిలోకి వచ్చారు. మొహం ఎర్రగా ఉంది. తిడతారనే అనుకున్నాను.

"అది నేను స్పష్టంగా చెప్పానమ్మా. నీకెందుకు వినపడలేదు?"

నేను హెడ్‌ఫోను అందించాను. ఆయన నిలబడే విన్నారు. మళ్ళీ వేయమన్నారు. తర్వాత కూర్చుని విన్నారు. తర్వాత సాఫ్ట్‌వేరు రాసిన చిత్తు చూపించాను. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చదివారు.

"నేను చెప్పిన మాట నాకే వినపడట్లేదు," అన్నారు మెల్లగా. "తలుపు కొట్టి మంచి పని చేశావు. ఇంకెప్పుడైనా ఇలా అయితే మళ్ళీ కొట్టు."

మర్నాటి నుంచి ఆయన నడుస్తూ చెప్పడం మానేశారు. తన గదిలో కూర్చుని, తలుపేసుకుని, చప్పుడు లేకుండా ఫ్యాను కూడా ఆపేసి చెప్పేవారు. బందరు ఉక్కలో ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే ఏంటో ఇక్కడివాళ్ళకి తెలుసు. చొక్కా తడిసిపోయి బయటికి వచ్చేవారు. ఒక్కసారి కూడా సణగలేదు. అంత పెద్ద డాక్టరు నా చెవుల కోసం చెమటోడ్చారు. అంతకుమించిన గౌరవం నాకు ఈ ఉద్యోగంలో దక్కలేదు.

తలుపు కొట్టిన రోజు రాత్రే గుడివాడ ఫోను చేసి, రోగి పేరు లేకుండా రాణి గారికి ఇదంతా చెప్పాను. ఆవిడకు అప్పటికే సరిగా వినపడదు. "గట్టిగా చెప్పవే, ట్రాలీయా, ట్రామా?" అని రెండుసార్లు అడిగారు. మొత్తం విన్నాక, "వాళ్ళావిణ్ణి అడిగాక కూడా మందు పేరు నువ్వు రాయలేదు కదా?" అన్నారు.

"లేదు మేడం."

"అదీ," అన్నారు. పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినంత సంబరపడ్డాను.

ఇంకోసారి చదవండమ్మా

విజయవాడలో నాంచారయ్యకి రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. కట్టు మార్పించుకోవడానికి మా ఆసుపత్రికే వస్తుండేవాడని వినేదాన్ని కానీ, మా గది వెనకాల ఉండటంతో మళ్ళీ చూడలేదు. ఒకరోజు మధ్యాహ్నం కోటేశ్వరమ్మే ఆయన్ని వెంటబెట్టుకుని నా గది వెతుక్కుంటూ వచ్చింది. చేతికర్ర పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ అమ్మగారే. ఆ రోజు నన్ను అడిగింది ఈవిడే," అంది ఆమె.

ఆయన కర్ర చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మంది గురించి రాశానో! ఒక్కరైనా రిపోర్టులోంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడలేదు. వాళ్ళ గుండె చప్పుడు, నెత్తురు లెక్క, పడుకుంటే వచ్చే ఆయాసం, అన్నీ తెలుసు. మనుషులే తెలియదు. కుర్చీలు చూపించి ఇద్దర్నీ కూర్చోమన్నాను. మంచినీళ్ళిచ్చాను.

"నా గురించి కాయితంలో ఏం రాశారండీ?" అన్నాడు. "అంతా ఇంగ్లీషులో ఉంటది. ఎవరూ చదివి చెప్పరు."

ఆ ఉదయం నాంచారయ్యని చూశాక శేషగిరి గారు చెప్పిన రిపోర్టు అప్పుడే పూర్తి చేశాను. డాక్టరు గారి గదికి వెళ్ళి, చదివి వినిపించవచ్చా అని అడిగాను. "అతని కాలు, అతని కాయితం. చదివి వినిపించు," అన్నారు. వచ్చి కూర్చుని, ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"యాభై నాలుగేళ్ళ మగమనిషి, వృత్తి చేపలవేట..."

"యాభై నాలుగా?" అని ఆపేశాడు. "అన్నెక్కడుంటాయండీ? డెబ్బై ఏడు ఉప్పెన నాటికి నేను తప్పటడుగులు వేస్తున్నానంట. మా అమ్మ చెప్పేది. లెక్క మీరే వేసుకోండి."

నాకు నవ్వాగలేదు. నా రిపోర్టును ఎడిటర్లు దిద్దారు, డాక్టర్లు దిద్దారు. రోగి దిద్దడం మాత్రం అదే మొదలు. డాక్టరు గారితో చెప్పి మార్పిస్తానన్నాను. తృప్తిగా తలూపి, ఇంక చదవమన్నాడు. ముల్లు దిగిన సంగతి, చక్కెర జబ్బు, పడని మందు, ఆపరేషను, అన్నీ చెప్పాను. వేళ్ళు తీసేశారన్న చోట పాదం వైపు ఒకసారి చూసుకున్నాడు. కోటేశ్వరమ్మ ఆయన పక్కనే కూర్చుని వింటోంది.

చివరి వాక్యానికి వచ్చాను. "పుండు పూర్తిగా ఆరాక, చక్కెర అదుపులో ఉంటే, వేటకు వెళ్ళవచ్చు."

నాంచారయ్య మొహం వెలిగిపోయింది. భార్య వైపు తిరిగి, "విన్నావా? వేటకి వెళ్ళొచ్చని కాయితంలోనే రాశారు. నేను చెబితే నమ్మలేదు," అన్నాడు.

కోటేశ్వరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఆ ముక్క ఇంకోసారి చదవండమ్మా," అంది.

చదివాను. ఆమె కళ్ళు మూసుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింది. నేను హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటే అచ్చం అలాగే ఉంటానని మావాళ్ళు అంటారు.

"విన్నావా?" అంది భర్తతో. "పుండు పూర్తిగా ఆరాక అంట. చక్కెర అదుపులో ఉంటే అంట. నువ్వు ఆఖరి ముక్క ఒక్కటే విన్నావు."

ఆయన నా వైపు దీనంగా చూశాడు. నేను రిపోర్టు మడిచి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టాను.